నేను తవ్విన కాలువ

ఆ కాలువ నేనే తవ్వాను.
ఒక్కణ్ణే కాదు, పసుప్పచ్చ యంత్రాలు పదకొండు,
కానీ మా ఊరి వెనక, నది వైపు వంపు దగ్గర
మీటలు పట్టుకున్నవి ఈ చేతులే.
ఇరవై రెండేళ్ళు నాకప్పుడు.
ఎన్ని బకెట్లు ఎత్తానో మేస్త్రీ నీలం పెన్నుతో రాసుకునేవాడు.
మొదటి జీతంతో అమ్మకి రేడియో కొన్నాను, నాకు బూట్లు.

చిత్తడి ఎండితే వరి పండుతుందన్నారు.
దెహెన్ మామ గట్టు మీద నిలబడి అరిచాడు:
"ఇది మన్ను కాదురా!
వేల ఏళ్ళుగా కుళ్ళడం మరిచిపోయిన ఆకులు.
నీళ్ళే దీనికి దుప్పటి. లాగెయ్యకు."
నేను ఇంజన్ చప్పుడు పెంచాను.

ఒక్క కంకి పండలేదు.
పనిచేయించినవాళ్ళు వెళ్ళిపోయారు, బూట్లు చిరిగిపోయాయి.
కాలువ మాత్రం సెలవు పెట్టలేదు.
రాత్రీ పగలూ బోర్నియో అడవి నీళ్ళని
కహాయన్ నదిలోకి తోలుతూనే ఉంది.

నిప్పు ఎవరు పెట్టారని అడక్కండి.
పామాయిల్ తోటవాళ్ళు మమ్మల్నంటారు, మేం వాళ్ళని,
చేపలవాడి సిగరెట్ పీక అంటారు పోలీసులు.
అందరం తలా కాస్త నిజం చెబుతున్నామని నా అనుమానం.
ఎండిన నేలకి మాత్రం
ఎవరి అగ్గిపుల్లయినా ఒకటే.

మీరు చూసిన మంట పైకి ఎగురుతుంది.
ఇది దిగుతుంది.
వేరు పట్టుకుని మోకాటి లోతు, నడుం లోతు.
ఇక్కడ ఆర్పితే వారానికి
రువింగ్ వాళ్ళ కాకర పందిరి కింద లేస్తుంది.
నివురుగప్పిన నిప్పు అనడం తేలిక;
మేం దాని మీద నడిచాం,
చెప్పులు కరిగి అడుగులకి అంటుకున్నాయి.

ఆ సెప్టెంబరులో మధ్యాహ్నం కూడా దీపం పెట్టుకున్నాం.
ఢీకొట్టుకోకుండా పడవవాళ్ళు రేకు డబ్బాలు వాయిస్తూ పోయేవాళ్ళు.
తడి చీరలు కట్టిన కిటికీలు సాయంత్రానికి టీ రంగు.
మా పొగ సముద్రం దాటి సింగపూర్ చేరాక
పేపర్లో పడింది.
అంతవరకూ మేం దగ్గలేదు కాబోలు.

మనవరాలు న్యాలుంగ్‌కి అప్పుడు ఎనిమిది నెలలు.
ఆ పేరుకి మా భాషలో నీళ్ళనే అర్థం.
పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంటపడేది,
చేప మొప్పలా తెరుచుకుంటూ, మూసుకుంటూ.
నర్సు గడియారం చూస్తూ లెక్కపెట్టింది:
నిమిషానికి అరవై నాలుగు.
నీలం పెన్నుతో రాసుకుంది.

పాప బతికింది.
పక్క మంచం మీది పాప పేరు కనుక్కోలేదు నేను,
కనుక్కుని ఉండాల్సింది.

ఇప్పుడు పూడుస్తున్నాను.
గెలం దుంగలు రెండు వరసలు దిగ్గొట్టి
మధ్యలో మట్టి బస్తాలు, మధ్యలో పడవకి దారి.
దారి వదలకపోతే రాత్రికి రాత్రే పీకేస్తారు,
రెండుసార్లు పీకేశారు, అందులో ఒకడు మా తమ్ముడు.
వాడి దుంగలు వేరే ఎలా పోతాయి మరి?
తవ్వినప్పుడు ఇచ్చిన కూలిలో సగం కూడా
పూడ్చడానికి ఇవ్వరు.
యంత్రం మూడు రోజుల్లో చీల్చినదానికి
మనుషులం ఎనిమిది మందిమి, నాలుగు నెలలు.

గెలిచానని చెప్పలేను.
నీళ్ళు నేలకి మూరెడు లోపే ఉంటే
నిప్పు దిగదని ఆఫీసరు చెప్పాడు.
"జానెడు" అనేవాడు దెహెన్ మామ ఉంటే,
ఆయన నీళ్ళ విషయంలో పిసినారి.

పొద్దున్నే గీతలు గీసిన కర్ర పట్టుకుని వెళ్తాను.
న్యాలుంగ్ వెనకే వస్తుంది, ఆరేళ్ళది,
పరిగెత్తితే ఇంకా పిల్లికూతలు వినిపిస్తాయి ఛాతీలోంచి.
కర్ర ముంచేది తనే.
తడి ఎక్కడివరకు వచ్చిందో వేలు పెట్టి చూపిస్తుంది,
నేను గోడ మీద బొగ్గుతో రాస్తాను.

ఇవాళ రెండు వేళ్ళు తగ్గింది.
వాన జాడ లేదు.
"బువె, ఇంకో దుంగ వేద్దామా?" అంటోంది.
సుత్తి ఎక్కడ పెట్టానో వెతుకుతున్నాను.