తలకిందుల కప్పలు

సాన్యా హోటల్లో ఇచ్చిన యూనిఫాం అది.
పాలియెస్టర్ గుడ్డ, పక్కన జిప్పు,
చుట్టూ అచ్చేసిన కప్పలు.
సెలవు దొరికిన తొందరలో
మార్చుకోకుండానే బస్సెక్కేశాను.

అమ్మమ్మ గుమ్మంలో ఉంది.
చాచిన పాదాలకు ఒక కర్ర, నడుముకి ఒక పట్టీ,
మధ్యలో బిగిసిన పడుగు.
మా మగ్గానికి గుంజలుండవు,
మనిషి లేస్తే మగ్గమూ లేస్తుంది.

నన్ను కాదు, ముందు పావడాని చూసింది.
"యావెన్, ఈ గబ్బిలాలేంటే?"
గబ్బిలాలు కాదు, కప్పలన్నాను.
"మరి తలకిందులుగా వేలాడుతున్నాయేం?"

అప్పుడు చూసుకున్నాను.
రెండేళ్లుగా కట్టుకుంటున్నాను,
ఎప్పుడూ చూడలేదు.

వెదురు పెట్టెలోంచి తన పావడా తీసి పరిచింది.
తల, నడుము, ఒళ్ళు, తోక:
నాలుగు ముక్కలు వేరువేరుగా నేసి కలిపి కుట్టింది.
చిటికీ కట్టి నీలిలో ముంచిన నూలు
అంచుల దగ్గర ఇంకా కొంచెం వణుకుతూనే ఉంది.
ఒళ్ళంతా కప్పలు, నిటారుగా,
వాన పిలవబోతున్నట్టు.
ఒక్కదానికి మాత్రం మూడే కాళ్ళు.

"ఆ రోజు తుఫాను. నాలుగో కాలు దగ్గరికొచ్చేసరికి
మీ అమ్మ పుట్టింది."
విప్పి మళ్ళీ నెయ్యకపోయావా అన్నాను.
"విప్పితే? మీ అమ్మ వెనక్కి పోతుందా?"

నవ్వితే ఆమె చెంపల మీది పచ్చబొట్టు గీతలు
ముడతల్లోకి వెళ్ళి దాక్కుంటాయి.
పోయాక అవతలి ముసలమ్మలు
ఆ గీతలు చూసే పోల్చుకుంటారట.
"నీ చెంపలు నున్నగా ఉన్నాయి.
నీ తరఫున పావడా అయినా మాట్లాడాలి కదా,"
అంటూ నా గడ్డం పట్టుకుని
దీపం వైపు అటూ ఇటూ తిప్పింది,
సంతలో గుమ్మడికాయని చూసినట్టు.

రాత్రి మెలకువొస్తే
యూనిఫాం తిరగేసి ఒళ్ళో పెట్టుకుని ఉంది.
సూదిలో ఎర్రదారం.

ఇప్పుడు నా షిఫ్టులో
కొబ్బరినీళ్ళ ట్రే పట్టుకుని లాబీలో తిరుగుతాను.
అతిథులు పావడాని ఫోటో తీసుకుంటారు,
గబ్బిలాలన్నీ చక్కగా పడతాయి.
లోపల, ఎడమ మోకాలికి
గరుగ్గా ఏదో తగులుతూ ఉంటుంది.

స్టాఫు బాత్రూంలో తిరగేసి లెక్కపెట్టాను.
కాళ్ళు మూడే.

కళ్ళు ఆనక వదిలేసిందో
ఇంకేమనుకుందో.
ఫోన్ చేసి అడిగితే
"సారాకి బియ్యం ఉడుకుతున్నాయి, మాడిపోతాయి"
అని పెట్టేసింది.