పడుకోబెట్టడం

పొద్దున్నే సముద్రం నూనె తెట్టులా కదలకుండా ఉంది.
అది మంచి గుర్తు కాదని
ఈ దీవిలో మేకలకి కూడా తెలుసు.
పదిహేడో నంబరు తుఫాను బయల్దేరిందట.
ఒకినావా కొసన తుఫాన్లకి పేర్లు పెట్టరు, వరస అంకెలే.
తిట్టుకోవడానికి కూడా ఓ పేరుండదు.

గుట్ట మీద రెండు రెక్కల గాలిమర
ఇంకా నిలబడే ఉంది.

నకసొకో యుకినే హెల్మెట్ పట్టీ బిగించింది.
"ముందు రెక్కలు."
రెక్కలు అడ్డంగా ఆగాయి, తాళం పడింది.
"ఇప్పుడు వించ్."
ఉక్కు తాడు ఒక్క మూలుగు మూలిగింది.
నలభై మీటర్ల స్తంభాన్ని
పసివాడి మెడ కింద చెయ్యి వేసి దించినట్టు
అంగుళం అంగుళం,
గంటన్నర సేపు.
మధ్యలో తాడు జానెడు జారింది.
ఎవరం ఏమీ అనలేదు.
యుకినే మాత్రం వాళ్ళ తాత భాషలో ఏదో తిట్టింది.
ఆ భాషలో ఆమెకి తిట్లే వచ్చు.

చెరకు గట్టు మీంచి మియారా ముసలమ్మ చూస్తోంది.
"పెద్ద ఊళ్ళలో ఇవి పడుకోవటగా?"
పడుకోవమ్మా, వాటి ఒళ్ళు బరువు.
గాలి ముదిరితే మొహం అటే పెట్టి
రెక్కల పదును గాలి వైపు తిప్పేసి
రోజూ తినే గాలిని ముట్టకుండా
ఆ పూటకి పస్తుంటాయి.

"మా ఆయనకీ పడుకోవడం తెలీదు."
కొడవలి రేవు వైపు చూపించింది.
"పడవకి ఇంకో తాడు కట్టొస్తానన్నాడు."
మళ్ళీ చెరకులోకి వంగింది.

రాత్రి
కిటికీ చెక్కల వెనక డీజిల్ జనరేటర్ దగ్గు,
కాసేపటికి అదీ లేదు.
గాలి గుట్టెక్కి
కొట్టడానికి ఎవరూ దొరక్క
కిందకి దిగి ఫుకుగి చెట్ల మీద పడింది.
పగడపు రాళ్ళ గోడలో ఒక్కో సందూ
ఒక్కో గొంతుతో అరిచింది.
నేను తాడు గురించే ఆలోచిస్తూ పడుకున్నాను,
ఆ జానెడు గురించి.

మూడో రోజు తేటపడింది.
నేలకంటుకున్న చెరకు
అప్పుడే మోచేతుల మీద లేస్తోంది.
మరకి కట్టిన పట్టీలు ఎనిమిదీ ఉన్నాయి,
రెక్కల మీద ఉప్పు, ఆకు పీలికలు, ఒక నత్త.
యుకినే నత్తని గడ్డిలో వదిలి
వించ్ మీట నా చేతికిచ్చింది.

లేపడానికి దించిన దానికన్నా ఎక్కువ సేపు పడుతుంది.
ముసలమ్మ టీ తెచ్చింది,
ఐదు గ్లాసులు.
తనతో కలిపి మేం నలుగురం.