ఎడమ వైపుకి తిరిగి

ఎడమ వైపుకి తిరిగి పడుకోమంది అల్లవరం డాక్టరమ్మ.
ఎడమ వైపున చెరువుంది.
కుడి వైపున రేకుల గోడ, గోడకానించి మేత బస్తాలు,
బస్తాల మీద ఓ ముసలి బల్లి.
సరే, చెరువు వైపే తిరిగాను.

తిరగడమంటే ఇప్పుడు మాటలా?
ముందు మోకాలు, తర్వాత నడుము, ఆఖర్న పొట్ట,
పంటు మీదికి లారీ ఎక్కించినట్టు
ముందూ వెనకా చూసుకుంటూ.
నవారు మంచం కుయ్యిమంటుంది.
లోపలున్నదెవరో మేలుకుని ఓ తన్ను తన్నుతారు.

నాకు తొమ్మిదో నెల. రొయ్యకి నూట పదో రోజు.
పట్టుబడి ముందో పురుడు ముందో
లోవరాజు వేళ్ళ మీద లెక్కపెడతాడు,
అవి చాలక నా చెయ్యి అడుగుతాడు.
నా వేళ్ళు ముడవ్వు,
చక్కెరకేళీ అత్తంలా ఉబ్బి ఉన్నాయి.

మెట్టెలు మొన్న తీసేశాం.
తియ్యకూడదని సూరాయమ్మ పిన్ని,
తియ్యకపోతే వేలే పోద్దని తను.
కొబ్బరినూనె రాసి, వలదారం చుట్టి
తిప్పి తిప్పి లాగాడు.
ఉప్పుశాతం కొలిచే పెట్టెలో దాచాడు వాటిని.
అప్పుడప్పుడూ తెరిచి చూస్తాడు, నాకు తెలీదనుకుని.

గుండెల్లో మంట.
ఆవకాయ ముట్టలేదు. చింతచిగురు వాసన కూడా చూడలేదు.
మజ్జిగన్నం, అదీ నాలుగే ముద్దలు,
అయినా గొంతు దాకా పొయ్యి.
తలవైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టాడు తను.
రాత్రంతా జారుతుంటాను,
తెల్లారేసరికి నా పాదాలు గుమ్మం చూస్తుంటాయి.

మోకాళ్ళ మధ్యకి దిండు కావాలంటే
ఖాళీ మేత సంచిలో కొబ్బరిపీచు కుక్కి
మూతి కుట్టిచ్చాడు.
సంచి మీద రొయ్య బొమ్మ, దాని మీసాలు నా తొడకానుకుని.
కింద అచ్చేసి ఉంది: త్వరగా బరువు పెరుగును.
చదివి నవ్వాను.
నవ్వుకి ఒంటేలొచ్చింది.

ఇది నాలుగోసారి.
టార్చి, కర్ర, లోవరాజు చెప్పులు.
నావి పట్టడం మానేసి పది రోజులైంది.
బాతు నడకంటారు గానీ
బాతుకింత అవస్థేది?
అది గుడ్డు పెట్టి నీళ్ళలోకి పోతుంది.

చెరువులో ఆరు ఏరేటర్లు.
రాత్రంతా నీళ్ళు చిలుకుతుంటేనే
అడుగున రొయ్యకి ఊపిరి.
నాకెవరు పెట్టారు ఏరేటరు?
పక్కటెముకల కింద మడమ ఆనించి
ఎవరో తలుపు తోస్తున్నట్టుంటుంది.
గాలి సగం దాకా వచ్చి
చోటు లేక వెనక్కి పోతుంది.

రెండు దాటాక కరెంటు పోయింది.
రెక్కలు నెమ్మదించి, తడబడి, ఆగాయి.
లోవరాజు లుంగీ ఎగ్గట్టి జనరేటరు షెడ్డుకి పరిగెత్తాడు.
ఆలస్యమైతే రొయ్య తేలిపోద్ది,
ఆరు నెలల అప్పు తేలిపోద్ది.

అంత నిశ్శబ్దం ఈ గట్టు మీద నేనెరగను.
ఓడలరేవు వైపు నుంచి సముద్రం వినపడింది.
అప్పుడే పట్టేసింది పిక్క.

బొటనవేలు పట్టుకుని నీ వైపుకి వంచుకో అంది డాక్టరమ్మ.
ఆవిడకేం.
నాకూ నా బొటనవేలికీ మధ్య
ఇంత పొట్టుంది.
చీకట్లో తువ్వాలు వెతికి పాదానికి తగిలించి
పడవ తాడు లాగినట్టు లాగాను.
షెడ్డులో తను హ్యాండిలు తిప్పుతున్నాడు.
ఇంజను దగ్గింది, ఆగింది.
నేను పళ్ళు బిగించాను.
మళ్ళీ తిప్పాడు.
మళ్ళీ లాగాను.
పిలిస్తే వచ్చేవాడే. పిలవలేదు.
అటు లక్ష ఊపిర్లున్నాయి.

కాసేపటికి తెలిసింది,
లోపల కూడా కదలిక లేదు.
పొట్ట మీద చెయ్యేసి ఎదురుచూశాను.
పిక్క సంగతే మర్చిపోయాను.

ఇంజను అందుకుంది.
ఒకటి, రెండు, ఆరూ తిరిగాయి.
నీళ్ళు మళ్ళీ నురగెత్తాయి.
చెయ్యి కింద దబ్బున తన్ను,
ఇంతసేపూ జోల ఎందుకాపారని
పోట్లాడుతున్నట్టు.

లోవరాజు డీజిలు వాసనతో వచ్చి
తలుపు దగ్గరే నిలబడి, గుసగుసగా:
"పడుకున్నావా?"
"ఆఁ" అన్నాను.

మళ్ళీ ఎడమ వైపుకి తిరగాలి.
ముందు మోకాలు.