పాసంగం

బెల్లం మండీలో పద్దెనిమిదేండ్లు కాటా పట్టినోణ్ణి.
చిత్తూరు ఎండకు దిమ్మెలు చెమర్చి
చేతులకు ఈగలు ముసిరే దినాలవి.
ఇప్పుడు పెనుమూరు హైస్కూల్లో
గంట కొట్టేది నా పని.

మొన్న శనివారం బడిలో చర్చ.
పాము కరిస్తే ఏం చెయ్యాలో
పిలకాయలకు ఎట్ల చెప్పాల, అని.
ఇందుమతి మేడం గోడమీద రాయించింది:
కట్టొద్దు, కొయ్యొద్దు, మంత్రమని ఆగొద్దు,
కదిలించకుండా ఆసుపత్రికి చేర్చండి.
'మా పెద్దల మాట తీసేస్తారా?' అన్నారు కమిటీవాళ్లు.
నాదముని సారు మంచోడు, ఎవురినీ నొప్పించడు.
'రెండు పక్కలా విందాం' అన్నాడు.

కుర్చీలేసింది నేనే.
రెండు కుర్చీలు, రెండు నీళ్ల సీసాలు, రెండు శాలువలు,
ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు.
'గంట నువ్వు కొట్టు రత్నం, నీ చేతికి తూకం తెలుసు'
అని నవ్వినాడు సారు.

తెలుసు సారూ.
మండీలో ఒక కాటా ఉండె.
అరకిలో ఏసినా, అయిదు కిలోలేసినా
ముల్లు నడిమధ్యనే నిలబడేది.
కొత్తగా వచ్చిన రైతులు దాన్ని చూసి
'ఎంత న్యాయమైన కాటా' అనుకునేవాళ్లు.
మా మేస్త్రీ దాన్ని పాతసామాన్లోడికి ఏసేసినాడు.

దొరసామి తాత ముందు మాట్లాడినాడు.
చెడ్డోడు కాదు. ఎవురి దగ్గరా రూపాయి పట్టడు,
అర్ధరాత్రి లేపినా లేచొస్తాడు.
తన చేతిలో బతికినోళ్ల పేర్లు చెప్పినాడు
ఊరి పేరుతో, ఇంటి పేరుతో.
పోయినోళ్ల పేర్లు ఎవురూ అడగలే.
వాళ్లకు కుర్చీ ఎయ్యమని నాతో ఎవురూ చెప్పలే.

నాకొక పేరు తెలుసు.
చెంగల్రాయుడు. నా తమ్ముడు.
శెనక్కాయ చేన్లో కావిలి పండుకోనుంటే కట్లపాము.
చీమ కుట్టినంత గుర్తు కూడా లేదు.
ఆ రాత్రి మా ఇంట్లోనూ ఇదే మాట:
'రెండూ చూద్దాం. ముందు ఇది, తర్వాత అది.'
వచ్చింది దొరసామి కాదు, వాళ్ల నాయన.
వేపాకు నమిలించినారు.
'చేదుగుండాదా?'
'ఉండాది.'
చేదుందని అందరూ సంతోషపడినారు.
మా యమ్మ వాడికి ముద్ద కలిపి పెట్టింది.
తెల్లారుజామున రెప్పలెత్తలేక
'అన్నా, నిద్రొస్తా ఉండాది' అన్నాడు.

మేడం లేచింది. చేతిలో కాయితాలు వణుకుతా ఉండాయి.
కట్లపాము కాటుకు నొప్పుండదని,
కరిచే పాముల్లో విషం లేనివే ఎక్కువని,
వాటి పుణ్యమే తాత లెక్కలో పడిందని
చెప్తా చెప్తానే నాలుగు నిమిషాలు.
మందు ఎట్ల చేస్తారో ఇంకా మొదలే పెట్టలే.
ఎన్నేండ్లు పట్టిందో ఆ మందు తేలేదానికి,
ఎన్ని గుర్రాల నెత్తురు పట్టిందో,
ఆమెకు మిగిలింది ఒక నిమిషం.

ఎనిమిదో తరగతి మోక్షిత లేచి నిలబడింది.
'సార్, కరిస్తే యాడికి పోవాల?'
'ఇద్దరి మాటా వింటా ఉండావు కదమ్మా,
నువ్వే ఆలోచించుకోవాల.'
'ఆలోచించుకునేదానికి ఎంతసేపుంటాది సార్?'

ఫ్యాను చప్పుడొకటే.
దొరసామి తాత శాలువా అంచు
దారం దారంగా పీకుతా ఉండాడు.

అయిదయినాయి.
సారు నాకల్ల చూసినాడు.
సుత్తి నా చేతిలోనే ఉండాది.
ఆరు.
తొమ్మిది.
మేడం గుర్రాల దగ్గరికొచ్చింది.
వెనక బెంచీల పిలకాయలు నోట్సు తీసినారు.
సారు చెయ్యి ఊపినాడు, ఆనక దగ్గినాడు.
పన్నెండు.

'ముసలోడికి చెవులు పోయినాయి' అన్నారు
సాయంత్రం టీ అంగట్లో. అననీ.
కాటా ముందే ఒక పక్కకు లాగతా ఉంటే
తూకం మొదలుపెట్టక ముందు
రెండో పక్క చిన్న రాయి కడతాం మేము.
దాని పేరు పాసంగం.
ఆ ఏడు నిమిషాలూ నేను కట్టిన రాయి.

సోమవారం పొద్దున తొమ్మిదికి
మామూలుగానే గంట కొట్టినా.