గడువు

హాంబర్గ్ నుంచి మోంటెవీడియోకి
పదకొండు వేల ఏడు వందల కిలోమీటర్లట,
పక్షి ఎగిరినట్టు తిన్నగా గీత గీస్తే.
ఏ పక్షీ అంత తిన్నగా ఎగరదు.
వీబ్కె హార్మ్‌సెన్ కూడా:
ముందు ఫ్రాంక్‌ఫర్ట్, ఆపైన రాత్రంతా సముద్రం,
సావో పాలోలో నాలుగు గంటల ఇనప కుర్చీ,
చివర్న ఓ చిన్న విమానం.

ముప్పై ఏళ్ళు ఎల్బే నది మీద పడవ టికెట్లు చింపిన చేతులు.
ఆ ఒడ్డు, ఈ ఒడ్డు. ఈ ఒడ్డు, ఆ ఒడ్డు.
ఉద్యోగం అయిపోయాక ఎవరో అడిగారు:
"ఓ పెట్టె తీసుకెళ్ళి ఇచ్చొస్తారా?"

నీలం పెట్టె. లోపల నాలుగు డిగ్రీల చలి.
ఆ చలిలో అరచెయ్యంత సంచీ,
ఎవరి తుంటి ఎముకలోంచో ఆ పొద్దున్నే తోడిన మూలుగ.
ఎవరిదో చెప్పరు. ఎవరికో చెప్పరు.
చెప్పేది ఒక్కటే, డెబ్బై రెండు గంటలు.

తనిఖీ దగ్గర కుర్రాడు బెల్టు మీద పెట్టమన్నాడు.
కిరణాలు తగలకూడదని ఈమె కాగితం చూపించింది.
అతను పై అధికారిని పిలిచాడు, ఆయన ఇంకొకాయన్ని.
పదిహేడు నిమిషాలు.
ఆకాశంలో అయితే
రెండు వందల యాభై కిలోమీటర్లు.

ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, అంటాం మనం.
ఆ ప్రాణాలు ఈమెవి కావు,
ఉన్నది అరచేతిలోనూ కాదు,
రెండు మడమల మధ్య, ముందు సీటు కింద.
మరుగుదొడ్డికీ దాంతోనే వెళ్ళింది.
పక్కాయన వైను పోయించుకుని భూమధ్యరేఖ మీద గురకపెట్టాడు.
ఈమె థర్మామీటరు చూసింది.
మూడు పాయింట్ తొమ్మిది.
మళ్ళీ చూసింది.

దిగబోయే ముందు ప్రకటన:
గడియారాలు నాలుగు గంటలు వెనక్కి తిప్పుకోండి.
మూడు వందల మందికి నాలుగేసి గంటలు ఊరికే దొరికాయి.
సంచీకి మాత్రం
ఒక్క క్షణం కూడా తిరిగి రాలేదు.

ముప్పై మూడో గంటలో, ఆసుపత్రి వెనక గుమ్మంలో
నిదియా ఎచెవెర్రీ అనే ఆవిడ సంతకం పెట్టింది.
"ప్రయాణం బాగా జరిగిందా?" అనైనా అడగలేదు,
సంచీని రెండు చేతులా ఎత్తుకుని
దాదాపు పరిగెత్తింది.
తలుపు ఊగి, ఊగి, ఆగింది.

బయట జనవరి ఎండ.
హాంబర్గ్ మంచు కోసం వేసుకున్న ఉన్నికోటు చేతి మీద,
ఖాళీ పెట్టె చంకలో.
నది ఒడ్డు పొడవునా ఊరు ఊరంతా నడుస్తోంది,
ఒక్కొక్కరి చంకలో ఒక్కో ఫ్లాస్కు,
పడిపోతుందేమో అన్నట్టు మోచేత్తో అదిమి పట్టుకుని.
ఆమె ఆగి చూసింది.
వీళ్ళందరూ ఎవరికి తీసుకెళ్తున్నారు?

గట్టు మీద కూచున్న ముసలాయన
ఆమె పెట్టెనీ మొహాన్నీ చూసి, కొంచెం జరిగాడు.
తను తాగుతున్న బుర్రలో వేడినీళ్ళు వంపి,
అదే గొట్టంతో, మాతే ఆకు కషాయం అందించాడు.
చేదు. నాలుక కాలింది.
ఈ నోటి నుంచి ఆ నోటికి
జానెడు.

పెట్టెలో థర్మామీటరుకి ఇంకా ఎవరూ చెప్పలేదు.
పదకొండు, పదిహేను, పంతొమ్మిది,
రాసుకుంటూనే ఉంది.