కరెంటు పోయిన పూట

మోక్షిత మోచేతి మీద నాలుగు పళ్ళ గుర్తులు.
కొబ్బరినూనె రాస్తా ఉంటే
ఆయా మునెమ్మ నా చెవిలో అనింది
"వాణ్ణి రావద్దని చెప్పేయ్ టీచరా,
ఈ వారంలో ఇది మూడోది."

గుహన్ మూలన నిలబడి ఉండాడు.
తప్పు చేసినోడి మాదిరి కాదు,
గెలిచినోడి మాదిరీ కాదు.
ఎవురో తలుపు తీస్తారని
శానాసేపు కొట్టి కొట్టి
చేతులు నొప్పి పుట్టినోడి మాదిరి.

సాయంత్రం రిజిస్టరు చంకలో పెట్టుకోని
వాళ్ళమ్మకు నాలుగు మాటలు అంటించి రావాలని
నగరిలో మగ్గాల వీధికి పోయినా.

ముందు గదిలో రెండు మరమగ్గాలు,
వెనక గదిలో ఇంకో రెండు.
గూట్లో నీళ్ళ చెంబు కూడా వణకతా ఉండాది.
"వల్లెమ్మా" అన్నా.
నా గొంతు నాకే వినపడలా.
"వల్లెమ్మా!" అని అరిచినా.
తెగిన పోగు ముడేస్తా ఆమె తిరగలా.
ఇంక చేసేది లేక
దగ్గరికి పోయి కొంగు పట్టి లాగినా.
అప్పుడు తిరిగింది.

లాగిన నా చేతిని చూసుకున్నా.
మోసుకోనొచ్చిన మాటలు
ఒక్కటీ నోట్లోకి రాలా.

మర్నాటి నుంచీ వాడు అరిస్తే
చాప మీద కూలబడతా, వాడి కళ్ళెత్తుకి.
"వినిపిస్తా ఉండాది నాయనా, మెల్లగా చెప్పు."
వాడు నమ్మడు.
"బంతి!" అని ఇంకా గట్టిగా.
"ఆ పాప దగ్గరుంది కదా, కోపమొచ్చిందా?
వస్తాది. నాకూ వస్తాది.
రా, అడిగి చూద్దాం."

కొన్నాళ్ళు అడిగినాడు, కొన్నాళ్ళు కొరికినాడు.
ఒకనాడు నా మణికట్టే దొరికింది.
కుక్కేమో, సూదేయించుకోమన్నాడు మా ఇంటాయన.

మోక్షిత మాత్రం వాడి పక్కన కూర్చోలా.
కూర్చోమని నేనూ చెప్పలా.
నొప్పి ఆ పిల్లది.

ఆడి నెలలో ఒక బేస్తవారం
కరెంటు పోయింది.
వీధి వీధంతా మగ్గాలు
ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి.
గుగ్గిళ్ళ గిన్నెలో గరిట గీరుకోవడం వినిపించింది,
ఎవురిదో ముక్కు చీదుడు వినిపించింది.
గుహన్ తలెత్తి అటూ ఇటూ చూసినాడు.
మెల్లగా పోయి మోక్షిత ముందర నిలబడి
గుసగుసగా అన్నాడు,
"బంతి ఇస్తావా?"

ఆ పిల్ల మోచెయ్యి వెనక్కి దాచుకునింది.
ఆలోచించింది.
"ఉండు, ఇంకో రెండు తూర్లు ఎగరేసి ఇస్తా."

ఒకటి.
వాడు ఒక వేలు మడిచినాడు.

రెండోది ఎగిరేలోగా కరెంటు వచ్చేసింది.
మగ్గాలు మళ్ళీ మొదలు.
ఆ పిల్ల ఏందో అనింది, నాకు వినపడలా.
వాడు రెండో వేలు మడవకుండా అట్లే పట్టుకోని
ఆ పిల్ల మొహంలోకే
చూస్తా ఉండాడు.