మౌనానికి మీట లేదు

డులూత్ కోర్టులో స్టెనోగ్రాఫర్‌ని.
అభియోగం, బెయిలు, వాయిదా
చూడకుండానే కొడతాయి నా వేళ్లు.

ఇవాళ ఆర్లో టిబెట్స్ లేచాడు.
ఇళ్లకు కప్పులేస్తాడు, గోళ్లలో ఇంకా తారు.
"నేరం ఒప్పుకుంటావా?"
జడ్జి అడిగి, కళ్లజోడు తుడుచుకుని
మళ్లీ అడిగింది.

హీటరు గురక.
సర్కారిచ్చిన లాయరు దగ్గు ఆపుకున్నాడు.
నా మిషన్లో మౌనానికి మీట లేదు.

మౌనం అర్ధాంగీకారమన్నది
వంటింట్లో చెల్లుతుందేమో,
ఈ గదిలో చెల్లదు.

"పలకలేదు కనుక
నేరం చేయలేదన్నట్టే రాసుకో, వెల్మా."

రాశాను,
అతను అనని మాటని, అతని పేరు కింద.

ఆర్లో మాత్రం కిటికీలోంచి
ఎదురింటి కప్పు మీద లేచిన పెంకునే చూస్తున్నాడు.
మంచు పడేలోగా
ఎవరో ఒకరు ఎక్కాలి.